మైకు పిన్ని మోసిన కబురు

మైకు పిన్ని మొహం తెలియనివాళ్ళు మా ఊళ్ళో ఉండొచ్చు గానీ, గొంతు తెలియనివాళ్ళు లేరు. బస్టాండు మేడ మీద గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. పెళ్ళికి ముందు చేరింది. మనవరాలు పుట్టాక కూడా అదే గది, అదే కుర్చీ. కుర్చీలో దిండు మాత్రం అప్పుడప్పుడూ మారుతుంటుంది.

ఆ పనికి రెండు నియమాలున్నాయి. ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. ఏ మాటా ఏడుస్తూ గానీ నవ్వుతూ గానీ చెప్పకూడదు. బస్సు వచ్చినా, రద్దయినా, ఎవరి పిల్లాడో తప్పిపోయి ఆవిడ గదిలో బిస్కెట్టు తింటూ కూర్చున్నా, అన్నిటికీ ఒకటే గొంతు. ఈ నియమాలు ఇంటిదాకా వచ్చేశాయని వాళ్ళాయన మా అందరితో మొరపెట్టుకుంటూ ఉంటాడు.

"భోజనానికి రండి అని రెండుసార్లు అంటుందయ్యా. పోనీలే అనుకుందాం. కూర మాడితే, 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అంటుంది. అది కూడా రెండుసార్లే!"

ఇలాంటి మనిషి గ్రీకు విషాద నాటకంలో ఎలా ఇరుక్కుందో చెప్పాలంటే మందుల షాపాయన సంగతి చెప్పాలి. మా పేటలో సాయంత్రాలు నాటకాలాడే గుంపు ఒకటుంది. రాసేదీ ఆడించేదీ ఆయనే. దగ్గు మందు అడిగితే సీసా చేతికిచ్చి, డబ్బు తీసుకోవడం మరిచిపోయి, రెండున్నర వేల ఏళ్ళనాటి నాటకాల గురించి చెప్పే రకం.

"ఆ నాటకాల్లో వెనకాల ఒక ఇంటి తలుపుంటుందండీ," అన్నాడొకరోజు, నేను జ్వరం బిళ్ళల కోసం వెళ్తే. "చావులూ చంపుకోడాలూ దాదాపు అన్నీ ఆ తలుపు వెనకే. మన కళ్ళకి కనపడవు. ఎవడో ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి లోపలేం జరిగిందో చెప్తాడు. వాడొక వార్తాహరుడు. అసలు నాటకమంతా వాడి నోట్లోనే ఉంటుంది."

"మరి చూడ్డానికేముందండీ?"

"వినడానికుంది!" అన్నాడు, నాకే జాలేసేంత సంతోషంగా.

ఆ నాటకాల్లోంచి ఒక ముక్క ఇక్కడా ఒక ముక్క అక్కడా తీసుకుని ఆయన కొత్తగా ఒకటి రాయడం మొదలెట్టాడు. రాజభవనం మూడంతస్తుల ఇల్లయింది. రాజు ఇంటి ఓనరయ్యాడు. అద్దెకున్నవాళ్ళు కోరసయ్యారు. పేరు 'గడియ'. అలిగిన భార్య రాత్రి మొగుడు లోపలికి రాకుండా తలుపు గడియ పెడుతుంది, తెల్లారి అతను పోయాడన్న కబురు వస్తుంది.

"పాత కథల్ని ఇప్పుడు తిరగరాస్తున్నవాళ్ళలో చాలామంది, అప్పట్లో నింద మోసిన ఆడదాని పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంటున్నారు," అన్నాడు. "నేనూ అంతే. ఆవిడ పక్కనే కూర్చుంటాను."

నేను కోరస్‌లో ఒకణ్ణి. కోరస్ అంటే గుంపుగా నిలబడి, జరిగేదంతా చూస్తూ, అయ్యో అయ్యో అంటూ, ఎవరినీ ఆపకుండా ఉండేవాళ్ళం. మాకు పెద్దగా రిహార్సలు అవసరం లేకపోయింది.

వార్తాహరుడి వేషానికి మంచి గొంతు కావాలంటే పిన్నిని పట్టుకొచ్చాం. రిహార్సళ్ళు పాత గోడౌనులో. అప్పటికి ఆ వేషానికి మాటలు ఇంకా రాయలేదు. ఆయన పెన్ను కొరుక్కుంటూ వారం తిరిగాడు. మిగతావాళ్ళం రాకముందు పిన్నీ ఆయనా ఇద్దరే కూర్చుని టీ తాగుతున్న ఒక సాయంత్రం, ఆ గడియ కథ మీద మాటొచ్చి ఆవిడ నోరు జారింది.

జారింది తన సొంత సంగతి కాదు. వాళ్ళ అక్కది.

అక్క దర్జీ. పక్కవీధిలో ఇల్లు, ముందుగదిలో కుట్టుమిషను. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. పోవడానికి ముందు రాత్రి ఇద్దరూ మిక్సీ గురించి పోట్లాడుకున్నారు. రిపేరుకిచ్చిన మిక్సీని ఆయన నెలరోజులుగా తేలేదు. ఆ రాత్రి కూడా ఉత్త చేతులతో ఆలస్యంగా వచ్చాడు. అక్క గడియ పెట్టేసింది. ఆయన తలుపు తట్టి తట్టి వరండాలో కుర్చీలో పడుకున్నాడు. తెల్లారి అటునుంచటే పనికి వెళ్ళాడు, అక్కడే గుండె ఆగి పడిపోయాడు. గుండెజబ్బు ఎప్పటినుంచో ఉందనీ గడియకీ దానికీ సంబంధం లేదనీ డాక్టరు చెప్పాడు. అక్క ఆ గడియ సంగతి ప్రపంచంలో ఒక్క మనిషికే చెప్పింది. చెల్లెలికి.

ఆ చెల్లెలు దాన్ని మందుల షాపాయనకి చెప్పింది. చెప్పేటప్పుడు తప్పనిపించలేదట. ఊరంతా తన మాట వింటుంది గానీ, విన్నవాళ్ళంతా బస్సెక్కి వెళ్ళిపోతారు. ఈయన విని, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, "తర్వాత?" అన్నాడు.

మూడో రోజుకి వార్తాహరుడి మాటలు పూర్తయ్యాయి. మా అందరికీ చదివి వినిపించాడు. అద్భుతంగా ఉన్నాయి. తట్టడం, వరండా, కుర్చీ, అన్నీ ఉన్నాయి. మిక్సీ కూడా ఉంది. మేం చప్పట్లు కొట్టాం. పిన్ని కొట్టలేదు. చెయ్యి గ్లాసుకి అంటుకుపోయినట్టు కూర్చుంది.

మర్నాడు ఆయన్ని షాపులోనే పట్టుకుంది.

"బాబూ, అది తీసెయ్యి నాయనా."

"ఏది పిన్నిగారూ?"

"అంతా."

"అంతా తీస్తే నాటకమేముంటుందండీ? మీ అక్కగారి పేరు లేదు, ఊరు లేదు. ఇది రాణీగారి కథ."

"రాణీగారి ఇంట్లో మిక్సీ ఎందుకయ్యా?"

ఆయన బిళ్ళలు లెక్కపెట్టడం ఆపి చాలాసేపు ఆలోచించాడు. కళాకారుడికి ఇలాంటి త్యాగాలు తేలిక కాదు.

"సరే. మిక్సీ తీసేసి గ్రైండరు పెడతాను. ఇంకెవరు గుర్తుపడతారు?"

అంతే దొరికింది పిన్నికి. వేషం మానేస్తానంటే, "అయితే మీ అక్కగారినే అడిగి ఇంకెవరినైనా చూపించమంటాను, ఊళ్ళో అందరూ బట్టలకి ఆవిడ దగ్గరికే వస్తారుగా" అన్నాడు అమాయకంగా. ఆవిడ నోరు మూసుకుని వచ్చేసింది. ఇక ఆవిడ ఆశంతా మాస్కు మీదే. గ్రీకు పద్ధతిలో మాకందరికీ కాగితపు గుజ్జుతో మాస్కులు చేయించారు. మాస్కు పెట్టుకుంటే అక్క తనని పోల్చలేదని పిన్ని ధైర్యం. ఊరంతటికీ మొహం కన్నా గొంతుతోనే తెలిసిన మనిషి, మొహం కప్పుకుని దాక్కుందామనుకుంది చూడండి.

పైగా అక్క రాకుండా ఎలా ఉంటుంది? "మా చెల్లెలు నాటకమాడుతోంది" అని బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. కోరసు అంగీలు సగం ఆవిడే కుట్టింది. వార్తాహరుడి పొడుగు అంగీ మాత్రం ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు.

కొలతలివ్వడానికి ఆదివారం పొద్దున వెళ్ళిన పిన్ని, వెళ్తూనే స్టూలెక్కి సీలింగు ఫ్యాను తుడవడం మొదలెట్టింది.

అక్క మిషను ఆపింది. "ఏం చేశావే?"

"ఏం చెయ్యలేదే. దుమ్ముగా ఉందీ..."

"నువ్వు ఊరికే ఫ్యాను తుడిచే మనిషివా? చిన్నప్పుడు నా కొత్త గొడుగు విరిచి నెల్లాళ్ళు నాకు జడ వేశావు. అడక్కుండానే. అమ్మ మురిసిపోయింది కూడా, అక్కంటే ఎంత ప్రేమో అని."

"గొడుగు ఎప్పటిమాటే బాబూ!"

"అందుకే అడుగుతున్నా. ఇప్పుడేం విరిచావు?"

పిన్ని స్టూలు మీద నుంచి చెప్పేద్దామనే అనుకుంది. నోరు కూడా తెరిచింది. కానీ బయటికొచ్చిన మాట, "మూడో రెక్క ఇంకా ఉంది. మూడో రెక్క ఇంకా ఉంది."

"సరే దిగు, కొలతలు తీసుకోవాలి."

అక్క గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, చెల్లెలి కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అంగీ అంచు మడిచింది. అరవై దాటిన మనిషి. మోకాలు కలుక్కుమంటే పళ్ళబిగువున "అమ్మా" అనుకుంది. పై నుంచి చూస్తే పిన్నికి అక్క పాపిట కనపడింది, అందులో తెల్లబడ్డ జుట్టూ కనపడింది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఒకటే పోరు. అక్క నోట్లో సూదులున్నాయి, ఉలిక్కిపడితే మింగేస్తుందేమోనని ఆగానని తర్వాత చెప్పింది. ఆ సాకు వెతుక్కోవడానికి ఆవిడకెంత కష్టమయిందో పాపం.

"కదలకే. కదిలితే వంకరొస్తుంది," అంది అక్క సూదుల సందులోంచి. "రెండో వరసలో సీటు ఇచ్చాడు ఆ మందుల షాపు అబ్బాయి. బాగా కనపడతావుగా?"

ఆ వారమంతా పిన్ని బస్టాండులో తప్పులు చెప్పింది. నిలబడి ఉన్న బస్సుని రద్దయిందంది, రద్దయినదాన్ని రమ్మంది. ఒక పెళ్ళివారి గుంపు అడ్డంగా పరుగెత్తి ఆవిడ గది కిటికీ వైపు చూసి చేతులూపింది, దీవిస్తూ మాత్రం కాదు.

శనివారం సాయంత్రం మొదటి ఆట. హాలు నిండింది. మాస్కు కింద కళ్ళజోడు పెట్టుకోవడంతో నాకు సగం లోకం మంచులో ఉన్నట్టుంది గానీ, రెండో వరసలో ఇస్త్రీ మడతలతో కూర్చున్న అక్క స్పష్టంగానే కనపడింది. ఒళ్ళో చేతిసంచి, సంచి మీద రెండు చేతులూ.

నాటకం బాగానే నడిచింది. వెనక పెద్ద చెక్క తలుపు. దాని ముందు కోరసు. తలుపు పక్కనుంచి పిన్ని పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఈ ఇంట అద్దెకున్నవాళ్ళారా!" అనగానే హాల్లో గుసగుస. మాస్కు లేదు గీస్కు లేదు, పిల్లలు కూడా "మైకు మామ్మ, మైకు మామ్మ" అన్నారు.

పిన్ని చక్కగా చెప్పుకుపోయింది. ఓనరు ఆలస్యంగా రావడం చెప్పింది, ఉత్త చేతులతో రావడం చెప్పింది. వరండా మెట్లెక్కించింది. తలుపు దాకా తీసుకొచ్చింది. "అప్పుడాయన చూశాడు, తలుపు..." అని ఆగింది.

తర్వాత రావలసిన మాటలు, 'తలుపు గడియ పెట్టి ఉంది' అని.

ఆగే ఉంది. నా పక్కనున్న కోరసు నాయకుడు, అసలు పనిలో కండక్టరు, మెల్లిగా "గడియ, గడియ" అని అందించాడు. పిన్ని మాస్కు రెండో వరస వైపు తిరిగి ఉంది.

"తలుపు తీసే ఉంది," అంది, బస్టాండు గొంతుతో. ఒక్క క్షణమాగి, "తలుపు తీసే ఉంది."

హాలంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు. తలుపు తీసి ఉంటే మరి ఆయన వరండాలో ఎందుకు పడుకున్నట్టు? స్టేజీ పక్కన తెర చాటున మందుల షాపాయన తల గోడకి ఆనించేశాడు. మేమేమో ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం, మాస్కుల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. అప్పుడు కండక్టరు, బస్సు ఖాళీగా ఉన్నా టైముకి విజిలు ఊదే అలవాటు కొద్దీ, పాట ఎత్తుకున్నాడు. మేం అందుకున్నాం. రాసి ఉన్నది రాసి ఉన్నట్టు.

"ఓ గడియా! వేలెడంత ఇనుమా! కట్టుకున్నవాణ్ణే ఆపితివా!"

ఏ గడియ? జనం ఇంకా నవ్వారు. అంతలో రాణి వేషంలో ఉన్న బ్యాంకు మేనేజరమ్మ తలుపు తోసుకుని వచ్చి, ఎంతో ఏడుపుతో, "నేనే! నేనే గడియ పెట్టాను! ఒక గ్రైండరు కోసం!" అంది. వెనక వరసలోంచి ఎవరో, "తీసే ఉందన్నారుగా అమ్మా!" అని అరిచారు.

అక్క నవ్వలేదు. మొదట సంచి వైపు చూసింది. తర్వాత మా వైపు, తర్వాత రాణి వైపు. ఆఖర్న తను కుట్టిన అంగీ వైపు. చెల్లెలు మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పేసి ఉంటే, లోకంలో గడియలు పెట్టే ఆడవాళ్ళు ఎంతమంది లేరు, అనుకుని ఊరుకునేదేమో. దాచబోయిన చోటే అందరికన్నా ముందు అక్కకి తెలిసిపోయింది.

ఆటయ్యాక వేషాల గదిలోకి వచ్చింది. మేం కోరసువాళ్ళం బయటికి పోవాలన్న ఇంగితం లేకుండా అక్కడే నిలబడిపోయాం. నా మాస్కు రబ్బరు కళ్ళజోడులో చిక్కుకుంది కూడా.

"గ్రైండరా?" అంది అక్క. "మన ఇంట్లో గ్రైండరెక్కడిదే?"

పిన్ని మాస్కు ఇంకా తియ్యలేదు.

"ముందు ఆ అట్టబుర్ర తియ్యి. నేను నీతో మాట్లాడాలి, దాంతో కాదు."

పిన్ని తీసింది. మొహమంతా చెమటో, ఇంకొకటో. "అక్కా, చెప్పకూడనిది చెప్పేశానే. చెప్పేశానే."

"ఒకసారి అంటే చాలు, వినిపించింది. ఎవరికి?"

"ఈ అబ్బాయికి. టీ తాగుతూ..."

"టీ తాగుతూ." అక్క ఆ మాటని నెమ్మదిగా అంది, గుడ్డ కొలిచినట్టు. "నేను నీకు చెప్పిన రోజు నాకు మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదు."

పిన్ని తల వంచుకుంది. "దగ్గరికి జరిగి విన్నాడక్కా. నా మాట అలా ఎవరూ వినరు."

"నేను వినలేదా?"

మందుల షాపాయన ముందుకొచ్చి, "తప్పు నాదండీ, నేనే..." అంటుంటే అక్క ఆయన వైపు తిరిగింది.

"నువ్వేనా నాయనా రాసింది? మరి ఆవిడ రాత్రంతా లోపలేం చేసిందనుకున్నావు?"

"నిద్ర... నిద్రపోయిందనుకున్నానండి."

"ఆడదాని పక్కన కుర్చీ వేసుకున్నావని మా చెల్లెలు చెప్పింది. నువ్వు కుర్చీ వరండాలో వేశావు బాబూ." మళ్ళీ చెల్లెలి వైపు తిరిగింది. "తీసే ఉందని ఎందుకన్నావు?"

"నువ్వు కనపడ్డావు. ఆ మాట నోటికి రాలేదు. అబద్ధమైనా సరే అనుకుని..."

"అబద్ధం కాదు."

గదిలో ఎవరో మాస్కు కింద పెట్టిన చప్పుడు.

"అబద్ధం కాదే. ఆయన తట్టడం ఆపాక కాసేపటికి లేచి గడియ తీశాను. చప్పుడు కాకుండా. సందులోంచి చూశాను. కుర్చీలో నిద్రపోతున్నారు, చెప్పులు కూడా విప్పలేదు. లేపితే నేనే ఓడిపోయినట్టని లేపలేదు. వచ్చి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే కుర్చీ ఖాళీ. తలుపు నెట్టి చూసుకోలేదు ఆయన. చూసుంటే లోపలికొచ్చి కాఫీ తాగి వెళ్ళేవారు." అక్క సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "గడియ పెట్టానని నీకు చెప్పగలిగాను. తీశానని చెప్పలేకపోయాను. తీసి, పిలవలేదు. ఏది ఎక్కువ తప్పో నువ్వే చెప్పు."

కోరసుకి అక్కడ పాట రాసి లేదు.

"రేపు ఇంకో ఆట ఉందిగా," అంది అక్క, గుమ్మం దగ్గర. "ఎలాగూ బయటపడింది. రేపు సరిగ్గా చెప్పు. నా నోటితో నేను ఎవరికీ చెప్పలేను, నీ గొంతు ఊరంతా వింటుంది. అంగీ అంచు ఊడింది, అది కూడా చూసుకో."

"క్షమించావా అక్కా?"

"అడక్కు," అని వెళ్ళిపోయింది.

ఆదివారం అక్క సీటు ఖాళీగా ఉంది. పిన్ని పరుగెత్తుకురాలేదు, నడిచి వచ్చింది. ఆలస్యంగా రావడం, మెట్లెక్కడం, తట్టడం, అన్నీ చెప్పింది. "గడియ పెట్టింది," అంది. ఆగింది. "తర్వాత తీసింది. పిలవలేదు." ఏదీ రెండోసారి అనలేదు. బస్టాండు గొంతు కాదది. ఎవరూ నవ్వలేదు. మేం పాట ఎత్తుకోవడం మరిచిపోయాం, ఈసారి కండక్టరు కూడా. హాలు చివర, బయటికి పోయే తలుపు దగ్గర అక్క నిలబడి ఉందని నాకు కాసేపటి తర్వాత కనపడింది. తెర పడేసరికి లేదు.

ఆ తర్వాతది నేను చూడలేదు, పిన్ని చెప్పింది. "ఈసారి అక్కనడిగే చెప్తున్నా" అని ముందే చెప్పిందనుకోండి.

సోమవారం డ్యూటీ దిగి నేరుగా అక్క ఇంటికి వెళ్ళిందట. లోపల మిషను చప్పుడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. గడియ పెట్టి ఉందో లేదో బయటికి తెలియదు. వరండాలో చాలాసేపు నిలబడింది. ఆ పాత కుర్చీ ఇంకా అక్కడే ఉంది, దాని మీద కూర్చోబుద్ధి కాలేదు. తట్టడానికి చెయ్యెత్తి, దించేసింది. వెళ్ళిపోదామని మెట్టు దిగి, మళ్ళీ ఎక్కింది.

చివరికి తట్టలేదు. అరచేత్తో నెట్టి చూసింది. తెరుచుకుంది.

అక్క తలెత్తలేదు. కాలు మిషను తొక్కుతూనే ఉంది.

"ఫ్యాను గుడ్డ స్టూలు మీదుంది," అంది. "ఆ రోజు మూడో రెక్క వదిలేశావు."